విశాఖ మేడ మీద హిమాలయపు మొక్క: ఆన్‌లైన్‌లో కొన్న రోడోడెండ్రాన్‌తో ఏడు నెలలు

ఐదు నక్షత్రాలకు నేను రెండే ఇస్తున్నాను. ఒకటి మొక్కను కట్టి పంపిన తీరుకు, రెండోది వచ్చినది అసలైన మొక్కే అయినందుకు. మొక్క చచ్చిపోయిందన్న కోపంతో మిగిలిన మూడూ కోశానని అనుకోవద్దు. ఈ ఊళ్ళో అది బతకదని నాకంటే బాగా తెలిసిన వాళ్ళు, ఆ మాట ఎక్కడా రాయకుండా విశాఖపట్నం పిన్‌కోడుకు దాన్ని అమ్మినందుకు కోశాను. కళ్ళు మూసుకుని కొన్నవాడిగా నా వంతు తప్పూ ఉంది కనుక నర్సరీ పేరు రాయడం లేదు. తూర్పు హిమాలయాల్లో ఒక కొండ ఊరి నుంచి దేశమంతటికీ మొక్కలు పంపే ఆన్‌లైన్ నర్సరీ అంటే సరిపోతుంది. ఇటువంటి వారి పేజీల్లో రాతలు ఇంచుమించు ఒకే మూసలో ఉంటున్నాయి. కాబట్టి ఎవరి దగ్గర కొనబోతున్న వారికైనా ఈ అనుభవం పనికొస్తుంది.

ఈ మొక్క మీద మోజు ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఏప్రిల్ నెలలో మా శ్రీమతీ నేనూ పశ్చిమ సిక్కింలోని బార్సే రోడోడెండ్రాన్ అభయారణ్యానికి వెళ్ళాము. హిల్లే అనే చోట జీపు దిగి, అడవి బాటలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే బార్సే వస్తుంది. అక్కడి ఎత్తు పదివేల అడుగులు దాటుతుంది. బాటకు రెండు పక్కలా నాచు పట్టిన వంకర కొమ్మలు, ఆ కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా ఎర్రటి పూలు, వాటి మీదుగా వచ్చిపోయే మంచు తెరలు. రాలిన పువ్వొకటి మా శ్రీమతి చేతిలోకి తీసుకుని కేసరాలు లెక్కపెట్టింది, పది ఉన్నాయి. గంట ఆకారంలో ఉన్న ఆ పువ్వు లోపల, అడుగున, తేనె నిలిచే నల్లటి గుంటలు కనిపించాయి. సుమారు పదిహేను, ఇరవై పూలు కలిసి ఒక్క గుత్తి. ఇటువంటిది ఒక్కటి మన మేడ మీద ఉంటే ఎంత బాగుండునో అని ఆవిడ ఆ రోజు అన్న మాట నా మనసులో ఉండిపోయింది. మా ఇల్లు చినవాల్తేరులో, సముద్రానికి కిలోమీటరు లోపు దూరంలో ఉన్నదన్న సంగతి మాత్రం ఆ చలిలో మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మా వీధిలో ఉన్న చెట్లన్నిటినీ నేలకూల్చాక, ఆ బోసితనం భరించలేక మిద్దె తోట మొదలుపెట్టాను. మల్లె, మందారం, కరివేపాకు, వంగ, దొండ అన్నీ చక్కగా పెరిగాయి. కుండీలో ఏది పెట్టినా వస్తుందన్న గర్వం ఒకటి నెత్తికెక్కింది. ఆ గర్వం ఉన్న రోజుల్లోనే, ఒక నవంబరు సాయంత్రం, ఫోనులో ఈ ప్రకటన కనబడింది.

'లాలీ గురాస్, ఎర్ర రోడోడెండ్రాన్, మూడేళ్ళ మొక్క' అన్నది శీర్షిక. ధర ఎనిమిది వందల యాభై రూపాయలు, కొరియర్‌కు మరో నూట ఎనభై. పక్కన ఉన్న చిత్రంలో ఆకు కనబడనంతగా విరగబూసిన చెట్టు. కింద నాలుగు వరుసల వివరం: పూర్తి ఎండ నుంచి పాక్షిక నీడ వరకు ఎక్కడైనా పెంచవచ్చు, సంరక్షణ తేలిక, నిత్యహరితం, భారతదేశంలో అన్ని వాతావరణాలకూ అనుకూలం. ఈ నాలుగింటిలో నిత్యహరితం అన్నది ఒక్కటే పూర్తి నిజం. చిత్రంలో ఉన్నది కొన్ని దశాబ్దాల వయసు చెట్టు. విత్తనం నుంచి పెంచిన ఈ జాతి మొక్క తొలి పువ్వు పూయడానికి పదేళ్ళో అంతకంటే ఎక్కువో పట్టవచ్చు. మూడేళ్ళ మొక్కను అమ్ముతూ ముప్పై ఏళ్ళ చెట్టు బొమ్మ పెట్టడం నర్సరీల లోకంలో మామూలే కావచ్చు. పెళ్ళిచూపులకు పిల్లవాడి ఫొటో బదులు వాళ్ళ తాతగారి మేడ ఫొటో పంపినట్టు ఉంటుంది.

పేరు గురించి ఒక మాట. ఈ జాతి శాస్త్రీయ నామం రోడోడెండ్రాన్ ఆర్బోరియం. గ్రీకు భాషలో రోడాన్ అంటే గులాబీ, డెండ్రాన్ అంటే చెట్టు. నేపాలీలు దీన్ని లాలీ గురాస్ అంటారు, అది వారి జాతీయ పుష్పం. కుమావూ, గఢ్వాల్ కొండల్లో బురాంశ్ అంటారు, అది ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం. నాగాలాండ్‌కు రాష్ట్ర పుష్పం కూడా ఇదే. తమిళంలో దీనికి 'కాట్టు పూవరసు' అన్న పేరుంది, ఎందుకంటే నీలగిరి, పళని కొండల పైభాగాన దీని ఉపజాతి ఒకటి పెరుగుతుంది. పూవరసు అంటే మన గంగరావి. అడవి గంగరావి అని వాళ్ళు పిలుచుకున్నారన్నమాట. మన తెలుగులో మాత్రం దీనికంటూ వాడుకలో ఉన్న పేరేదీ నాకు తగల్లేదు. ఊరి పేరు లేని మొక్క మన ఊళ్ళో ఎందుకు లేదో కొనే ముందు ఒక్కసారి ఆలోచించి ఉంటే వెయ్యిన్నీ ముప్పై రూపాయలు మిగిలేవి.

ఇక పెట్టె సంగతి. ఏడో రోజున వచ్చింది. అన్ని పక్కలా గాలి రంధ్రాలు పెట్టిన గట్టి అట్టపెట్టె. పైకి చూపించే బాణం గుర్తులు నాలుగు వైపులా ఉన్నా, కొరియర్ కుర్రవాడు దాన్ని పక్కకు పడుకోబెట్టే తెచ్చాడు. అయినా లోపల ఏమీ కదల్లేదు. వేరు ముద్ద చుట్టూ తడి నాచు, దాని మీద పాలిథిన్, ఆ పైన మట్టి ఒలకకుండా గుడ్డ. కుండీ అంచుకు అడ్డంగా రెండు వెదురు బద్దలు కట్టి పెట్టె గోడలకు బిగించారు. ఆకులకూ పెట్టెకూ మధ్య నలిపిన వార్తాపత్రికలు, దేవనాగరి లిపిలో. పెట్టె విప్పగానే తడిసిన అడవి వాసన గుప్పుమంది, బార్సే బాటలో పీల్చిన వాసనే. మొక్క పధ్నాలుగు అంగుళాలు, ఆకులు పంతొమ్మిది. ప్రయాణంలో రాలినవి రెండే. సన్నటి చెక్క పలక మీద పేరు రాసి కుండీలో గుచ్చారు. మొక్కలు కట్టే విద్యలో వీరికి వంక పెట్టడానికి లేదు. మా వైపు నర్సరీల వాళ్ళు చూసి నేర్చుకోదగ్గది.

ఆన్‌లైన్‌లో నేను ఒకసారి మోసపోయి ఉన్నాను. నీలి గులాబీ విత్తనాలని కొని, నాలుగు నెలలు నీళ్ళు పోసి, చివరికి తోటకూర కోసుకున్నాను. అందుచేత ఈసారి మొక్క అసలుదో కాదో పరీక్షించాను. ఈ జాతి రోడోడెండ్రాన్‌ను గుర్తుపట్టే తేలిక మార్గం ఆకు వెనుక వైపు. పైన ముదురు ఆకుపచ్చ రంగులో, తోలులా మందంగా, ఈనెలు లోపలికి దిగబడినట్టు ఉంటుంది. తిప్పి చూస్తే వెండి రంగుకూ గోధుమ రంగుకూ మధ్య ఒక రంగులో సన్నటి నూగు పరుచుకుని ఉంటుంది. బొటనవేలితో రుద్దితే మెత్తటి చర్మం తాకినట్టు ఉంటుంది. ఆకు తుంచితే పాలు కారవు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఆకు ఆకారం చూసి దేవగన్నేరు మొలకను ఈ పేరుతో అంటగట్టినా తెలియని వాళ్ళు నమ్మేస్తారు. వేరు ముద్ద తీసి చూస్తే తల వెంట్రుకల కంటే సన్నని వేర్లు చిక్కుపడి జల్లెడలా ఉన్నాయి. మొక్క అసలుదే.

ఆ వేర్ల దగ్గరే ఈ మొక్క కథంతా ఉంది. మామూలు మొక్కల వేర్లకు ఉండే నూగు వేర్లు దీనికి ఉండవు. బదులుగా సన్నని వేరు కొసల్లో ఒక రకం శిలీంధ్రం కాపురం ఉండి, పుల్లటి ఆకుల మట్టి నుంచి పోషకాలను అందిస్తుంది. పుల్లటి మట్టి అంటే పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఏడు కంటే ఎంత తగ్గితే అంత పులుపు) నాలుగున్నర నుంచి ఆరు మధ్య ఉన్నది. సున్నం తగిలితే ఇనుము మట్టిలో ఉన్నా మొక్కకు అందదు; ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగమంతా పసుపు తిరుగుతుంది. వేర్లు లోతుకు పోవు, పైపైనే పరుచుకుంటాయి, కనుక ఎండ తగిలినా నీరు నిలిచినా తొందరగా చెడిపోతాయి. పెట్టెతో వచ్చిన సగం కాగితపు సూచనల్లో ఇందులో ఒక్క ముక్కా లేదు. రోజు విడిచి రోజు నీళ్ళు పొయ్యండి, నెలకోసారి ఎరువు వెయ్యండి అని ఉంది. ఈ రెండు వాక్యాలూ బంతి మొక్కకైనా రాయవచ్చు.

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పినవాణ్ణి. పీహెచ్ కాగితాలు కొనడం, నోటు పుస్తకంలో లెక్కలు రాయడం నాకు సరదా. వాళ్ళు పంపిన మట్టి నానబెట్టిన నీటిలో కాగితం ఐదు చూపించింది. మా కుళాయి నీరు ఏడున్నర, అపార్టుమెంటు బోరు నీరు ఎనిమిది. బోరు నీళ్ళు పోస్తే మొక్కకు రోజూ కాస్త సున్నం పట్టించినట్టే. అందుకని వానాకాలంలో పట్టి మూత పెట్టి ఉంచిన డ్రమ్ము నీళ్ళే పోశాను. ఎండలు ముదిరాక ఏసీ గొట్టం కింద బకెట్టు పెట్టి, రాత్రికి పోగయ్యే మూడు, నాలుగు లీటర్ల నీటిని వాడాను. ఏసీ నీళ్ళు ఆవిరి చల్లబడి వచ్చినవి కనుక వాటిలో సున్నం ఉండదు. కుండీలో ఎర్రమట్టి వెయ్యలేదు. నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు, కొబ్బరిపీచు ముక్కలు, ఏడాది పాటు కుళ్ళబెట్టిన ఆకుల ఎరువు కలిపి, పైన భీమిలి వైపు నుంచి తెచ్చిన సరుగుడు తుక్కు మూడు వేళ్ళ మందాన పరిచాను. మెట్లగది గోడకు ఈశాన్యంగా, గ్రీన్ నెట్ కింద, పొద్దున్నే గంటన్నర ఎండ మాత్రమే తగిలే చోట పెట్టాను. ఇవన్నీ వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నీళ్ళు పోయక చంపుకున్నానని నర్సరీ వారు నాతో అన్నారు గనుక.

డిసెంబరు, జనవరి నెలలు బాగా గడిచాయి. సంక్రాంతి నాటికి కొమ్మ కొసన చిగురు మొగ్గ ఉబ్బి, ఐదు కొత్త ఆకులు విచ్చుకున్నాయి. లేత ఆకు మీద తెల్లటి పొడి చల్లినట్టు నూగు ఉంది. వేలితో తాకితే రాలింది. ఇరవై నాలుగు ఆకులని పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీశాను. ఎదురింటి వారూ పై అంతస్తు వారూ వచ్చి చూసి వెళ్ళారు. ఈ మొక్క సొంత ఊళ్ళో చలికాలం వచ్చిందంటే, దీని జాతుల్లో చాలావాటి ఆకులు కిందికి వేలాడి, చుట్ట చుట్టుకుపోతాయి. గడ్డకట్టే చలి నుంచీ, ఆ చలిలో పడే ఎండ నుంచీ ఆకును కాపాడుకునే పద్ధతి అది. మా దగ్గర ఆ అవసరమే రాలేదు. సముద్రపు ఒడ్డున జనవరి రాత్రి కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. పూమొగ్గ ముందటి ఏడాది వేసవిలో తయారై, చలికాలమంతా నిద్రపోయి, ఆ చలి తిన్నాకే విచ్చుకునే మొక్క ఇది. అంటే మన ఊళ్ళో బతికినా పువ్వు మాట అనుమానమే.

ఫిబ్రవరి చివరి వారంలో కింది ఆకుల్లో మొదటి పసుపు కనబడింది. పటిక, నిమ్మరసం వంటి ఇంటి వైద్యాలు చాలా మంది చెప్పారు. నేను చీలేటెడ్ ఐరన్, అంటే మొక్కకు తేలిగ్గా అందే రూపంలో ఉన్న ఇనుము, తెచ్చి ఆకుల మీద చల్లాను. పైనున్న కొత్త ఆకులు కొంత పచ్చబడ్డాయి కాబట్టి రోగం అదేననుకున్నాను. మార్చి పదిహేనుకు ఇరవై ఆకులు. ఉగాది దాటాక పదిహేడు. ఏప్రిల్‌లో ఆకుల అంచులు కాలిన కాగితంలా గోధుమ రంగుకు తిరగడం మొదలైంది. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలోని ఉప్పు కొంత, వేడి కొంత. సాయంత్రం ఆ గాలి మనుషులకు ప్రాణం పోస్తుంది. ఆ మొక్కకు అది ఉప్పు నీటి తుంపరే. ఆకులు తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. మా శ్రీమతి చూసి, మనవడి మొహం కూడా ఇంత శ్రద్ధగా తుడవలేదని ఎత్తిపొడిచింది.

అసలు దెబ్బ పగటి ఎండ వల్ల కాదని ఇప్పుడు నా నమ్మకం. మధ్యాహ్నం గ్రీన్ నెట్ కింద ముప్పై మూడు, ముప్పై నాలుగు డిగ్రీలే ఉండేది; కానీ మే నెలలో రాత్రి రెండు గంటలకు లేచి చూసినా థర్మామీటరు ఇరవై ఎనిమిది దగ్గరే నిలబడి ఉండేది. పగలు ఆకులు తయారుచేసుకున్న ఆహారాన్ని రాత్రి వేడిలో మొక్క శ్వాసతోనే ఖర్చు పెట్టేసుకుంటుంది. కొండల్లో పగలు వెచ్చబడ్డా రాత్రి చల్లబడుతుంది, వేరుకు ఊపిరి ఆడుతుంది. విశాఖలో ఏప్రిల్ నుంచి వేరుకు తెరిపి లేదు. పైగా కుండీ మట్టి వెచ్చగా, తడిగా ఉంటే వేర్లను కుళ్ళబెట్టే ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవికి పండగ. నీళ్ళు తగ్గిస్తే ఆ సన్నని వేర్లు ఎండిపోతాయి, పోస్తే కుళ్ళిపోతాయి. మే ఇరవయ్యో తేదీన ఆకులు నాలుగు. జూన్ మొదటి వారంలో, వాన పడిన మర్నాడు, ఉన్న నాలుగూ పచ్చగా ఉండగానే ఒక్క పగట్లో వాడి వేలాడిపోయాయి.

కుండీ బోర్లించి చూశాను. నర్సరీ నుంచి వచ్చిన నల్లటి ముద్ద వచ్చినట్టే ఉంది. అందులోంచి నా మట్టిలోకి పాకిన వేర్లు బెత్తెడు కూడా లేవు. గోధుమ రంగు వేరునొకదాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడి చేతిలోకొచ్చింది, లోపల దారం పోగు మిగిలింది. పుల్లటి అడవి వాసన పోయి మురుగు వాసన వచ్చింది.

నర్సరీ వారికి ఫోటోలు పంపి, ఫోను చేశాను. ఎత్తిన యువకుడు హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. రవాణాలో చచ్చిపోతేనే డబ్బు వాపసు, పెంపకంలో పోతే లేదు అన్నాడు. నియమం ముందే రాసి ఉన్నది కాబట్టి అందులో నాకు పేచీ లేదు. "సార్, మీరు నీళ్ళు సరిగా పోసి ఉండరు" అన్నప్పుడు నా నోటు పుస్తకం చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీకి ఆపించి, "మీది సముద్రం పక్క ఊరా సార్? అక్కడ ఇది కష్టమే" అన్నాడు. అదే మాట అమ్మకం పేజీలో పెట్టమని అడిగాను, వెయ్యి మీటర్ల కంటే దిగువ ఊళ్ళకు వద్దు అని ఒక్క వాక్యం. పైవారికి చెబుతానన్నాడు. తరువాత కొనే మొక్క మీద ముప్పై శాతం తగ్గింపు కూపన్ వచ్చింది. ఆ వాక్యం మాత్రం ఇప్పటికీ రాలేదు. ఇది రాసే ముందు మళ్ళీ చూశాను, అన్ని వాతావరణాలకూ అనుకూలం అనే ఉంది.

ఆ తరువాత రాజమండ్రి వెళ్ళి వస్తూ కడియపులంకలో ఆగాను. గోదావరి ఒండ్రు నేలలో మొలవనిదంటూ ఉండదని పేరున్న చోటు. ఒక నర్సరీ యజమానికి ఫోనులో బొమ్మ చూపించాను. ఆయన చూసి నవ్వి, "ఇది మేమూ తెచ్చి చూశామండి మేష్టారూ. లారీ దిగినప్పుడు బాగుంటుందండి, ఎండలు రాగానే తలొంచేస్తుంది. అందుకే అమ్మడం మానేశామండి. అమ్మితే మర్నాడు మీరొచ్చి మమ్మల్నే అడుగుతారు కదండీ" అన్నాడు. కొన్నవాడు ఎదురుగా వచ్చి నిలబడగల దూరంలో ఉంటే అమ్మేవాడి మాటకు ఒక జాగ్రత్త వస్తుంది. రెండు వేల కిలోమీటర్ల అవతలి నుంచి పెట్టె పంపేవాడికి ఆ భయం లేదు. శీతాకాలంలో మన దగ్గర అమ్మే అజేలియాలు కూడా ఈ రోడోడెండ్రాన్ ప్రజాతిలోవేనని, అవీ పూత అయ్యాక ఇక్కడ నిలవడం కష్టమేనని ఆయనే చెప్పాడు. కొనదలచుకుంటే పూలగుత్తి కొన్నట్టు కొనుక్కోవాలి.

మొక్క మరీ సుకుమారమని, పరదేశం పోనంటుందని అనుకోకూడదు. జోసెఫ్ డాల్టన్ హుకర్ అనే ఆంగ్ల వృక్షశాస్త్రవేత్త 1848, 1849 సంవత్సరాల్లో సిక్కిం కొండలు తిరిగి, రోడోడెండ్రాన్ల విత్తనాలను లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపించాడు. వాటి సంతతి బ్రిటన్ తోటల్లో ఇప్పటికీ విరగబూస్తోంది. రోడోడెండ్రాన్ పాంటికమ్ అనే మరొక జాతి అయితే అక్కడి అడవుల్లో కలుపు మొక్కై కూర్చుని, పీకడానికి వాళ్ళు నానా తంటాలు పడుతున్నారు. సముద్రాలు దాటి స్కాట్లాండులో కాపురం పెట్టిన మొక్క, రైలు దూరంలో ఉన్న విశాఖకు రాలేకపోవడానికి కారణం ఒక్కటే. అక్కడ చల్లటి వేసవి, సన్నటి వాన, పుల్లటి నేల ఉన్నాయి. ఇక్కడ మూడూ లేవు.

అరకులోనో లంబసింగిలోనో తోట ఉన్న మిత్రులు తమ సంగతేమిటని అడుగుతున్నారు. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోయిన రోజులున్నాయి కాబట్టి చలికి లోటు లేదు. కానీ ఆ ఊళ్ళ ఎత్తు సుమారు వెయ్యి మీటర్లే. హిమాలయాల్లో ఈ జాతి ఎక్కువగా పదిహేను వందల మీటర్ల పైన పెరుగుతుంది, పొదల్లా పెరిగే ఇతర జాతులు మూడు, నాలుగు వేల మీటర్ల వాలుల మీద ఉంటాయి. అక్కడ పెంచి చూడాలనే పట్టుదల ఉంటే, హిమాలయపు మొక్క బదులు నీలగిరి ఉపజాతిని వెతకమంటాను. అదీ ఊటీ అంత ఎత్తు మొక్కే అయినా, దక్షిణాది పగటి నిడివికీ వర్షాలకీ అలవాటుపడినది. బతుకుతుందని హామీ ఇవ్వను. హిమాలయపు మొక్క కంటే దానికి మంచి అవకాశం ఉందని మాత్రం చెప్పగలను.

నన్ను అన్నిటికంటే ఎక్కువ చిరాకు పెట్టిన లోపం ఇంకొకటి ఉంది. రోడోడెండ్రాన్ ఆకుల్లో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది; మేకలు, పశువులు మేస్తే ప్రమాదం, మనుషులకైతే వాంతులు, రక్తపోటు పడిపోవడం, గుండె వేగం తగ్గడం. క్రీస్తుపూర్వం 401లో నల్లసముద్రపు ఒడ్డున, నేటి ట్రాబ్జాన్ దగ్గర, గ్రీకు సైనికులు అక్కడి తేనె తిని నిలబడలేక పడిపోయారని, మూడు నాలుగు రోజులకు కోలుకున్నారని ఆ సేనను నడిపించిన జెనఫన్ రాసిపెట్టాడు. ఆ తేనెకు మూలం ఈ ప్రజాతి పూలేనని నేటి వివరణ. నేపాలులో గురుంగు తెగవారు కొండ చరియల మీది తేనెపట్టుల నుంచి తీసే మత్తు తేనె కూడా ఈ కోవదే. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉండే ఇళ్ళకు అమ్ముతున్న మొక్క మీద ఈ హెచ్చరిక లేకపోవడం అలసత్వం. మా మనవడికి కనబడ్డ ఆకునల్లా కొరికే వయసు. నాకు ముందే తెలుసు కాబట్టి కుండీని ఎత్తున పెట్టాను.

న్యాయంగా మరొకటి చెప్పాలి. మొక్కతో పాటు అదే నర్సరీ నుంచి బురాంశ్ షర్బత్ సీసా ఒకటి తెప్పించాను. ఈ జాతి ఎర్రపూల రేకులను ఉత్తరాఖండ్‌లో తరతరాలుగా షర్బత్‌గా, పచ్చడిగా వాడుతున్నారు. అమ్మకానికి వచ్చేది రేకులతో చేసినదే, ఆకుతో కాదు. గాజు సీసా చెక్కుచెదరకుండా వచ్చింది. రంగు గోంగూర పూల కషాయంలా ముదురు ఎరుపు. రుచి మొదట తీపి, వెనుక నుంచి ఒక వగరు, కాస్త పులుపు. గ్లాసు చన్నీళ్ళలో రెండు చెంచాలు వేసి నిమ్మకాయ పిండితే మే నెల మధ్యాహ్నానికి బాగుంది. చక్కెర పాలు ఎక్కువ, పూల పాలు ఇంకా ఉండవలసింది. మొక్క నాలుగు ఆకులతో కొట్టుకుంటున్న వారంలోనే సీసా ఖాళీ అయింది. మళ్ళీ తెప్పించుకోదగ్గ వస్తువు ఆ పేజీలో ఉందంటే అదే. దానికి విడిగా నాలుగు నక్షత్రాలు.

డబ్బు గురించి అడిగితే, అంత దూరం నుంచి అంత బాగా కట్టి పంపిన మూడేళ్ళ మొక్కకు ఎనిమిది వందల యాభై ఎక్కువేమీ కాదు. డార్జిలింగులోనో షిల్లాంగులోనో ఉన్నవారు ఇదే నర్సరీలో కొంటే వాళ్ళకు ఐదు నక్షత్రాల సేవే కావచ్చు. విశాఖ, కాకినాడ, విజయవాడ, హైదరాబాదు వారు ఈ డబ్బు దాచుకుని, ఏప్రిల్ నెలకు, సిక్కిం వెళ్ళేవారు దిగే న్యూ జల్పాయ్‌గురి వైపు రైలు టిక్కెట్టు కొనుక్కోవడం మేలు.

కుండీని ఖాళీగా ఉంచలేదు. మా మేడ మీద ఒక నూరువరహాల మొక్క రెండేళ్ళుగా పసుపు ఆకులతో నీరసంగా ఉండేది. దానికీ పుల్లటి మట్టే ఇష్టమని ఈ చదువంతా చదివాక గాని తట్టలేదు. కుళ్ళిన వేరు ముద్దనూ దాని చుట్టూ ఉన్న మట్టినీ పారేసి, కడిగి ఎండబెట్టిన అదే కుండీలో, బస్తాలో మిగిలిన మట్టి మిశ్రమంతో దాన్ని నాటాను. బోరు నీళ్ళు మానేసి ఏసీ నీళ్ళే పోస్తున్నాను. నెలన్నరకు ఆకులు నల్లబడేంత పచ్చగా తేరుకుని, మొన్న శ్రావణ శుక్రవారానికి ఆరు ఎర్ర గుత్తులు ఇచ్చింది. నర్సరీ వారి చెక్క పలక ఇంకా ఆ కుండీలోనే ఉంది. పూజకు వచ్చిన పేరంటాళ్ళలో ఒకావిడ దాన్ని చదివి, ఆ గుత్తులకేసి చూసి, హిమాలయాల పువ్వు అచ్చం మన నూరువరహాల్లాగే ఉందే అని ఆశ్చర్యపోయిందట.